శాతం సిపాయీలు

ఏటా ఫిబ్రవరి మొదట్లో నూజివీడు తోటల్లో మామిడి పూత పిందెగా మారుతూ ఉంటుంది. అదే రోజుల్లో ఢిల్లీలో ఆర్థిక మంత్రి బడ్జెట్ చదువుతారు. రైతు తేనెమంచు పురుగుకు మందు కొట్టే హడావుడిలో ఉంటాడు కనుక ఆ ప్రసంగం వినడు. వినేవాళ్లు వేరే ఉన్నారు. ప్రసంగం ముగిసీ ముగియకముందే వాళ్లు టీవీ స్టూడియోల్లో మోహరిస్తారు. చేతిలో తుపాకీ ఉండదు, ఒక శాతం ఉంటుంది. "జీడీపీలో రక్షణకు రెండు శాతమైనా లేదు, సిగ్గుచేటు! మూడు ఉండాలి" అని ఒకరు బల్ల గుద్దుతారు. 2025 జూన్‌లో నాటో దేశాలు హేగ్‌లో కూర్చుని 2035 కల్లా ఐదు శాతానికి చేరతామని ఒట్టేసుకున్నాయి కదా, మనకు మాత్రం మూడుతో సరిపెట్టడమేమిటని పక్కాయన పాట పెంచుతాడు. నూజివీడులో తోట గుత్తకు పాట పాడేవాడు కూడా అంత జోరుగా పెంచడు. పాట తన మీద ఖాయమైతే డబ్బు తనే కట్టాలని అతనికి తెలుసు.

ఆ గుత్తదారుకూ రక్షణ ఖర్చు ఉంటుంది. కాయ కండపట్టే రోజుల్లో తోటలో మంచె వేయించాలి, పగటికొకణ్ణి రాత్రికొకణ్ణి కావలి పెట్టాలి, కోతులను తరమడానికి టపాసులు కొనాలి, గట్టు పక్క కంచె తెగితే ముళ్లకంప తెప్పించాలి. దొంగ ఏ వైపు నుంచి వస్తున్నాడో, కోతుల మంద ఏ చెట్టు మీద దిగుతోందో చూసి అతను ఖర్చు తేల్చుకుంటాడు. కాపులో ఇన్నో వంతు కావలికి పెట్టాలని సలహా ఇచ్చేవాణ్ణి తోట దరిదాపులకు కూడా రానివ్వడు. పూతకు బూడిద తెగులు తగిలి కాపు సగానికి పడిపోయిన ఏడు, కావలి మీద ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకపోయినా దాని వాటా రెట్టింపవుతుంది. శాతం సిపాయి లెక్కన ఆ ఏడు తోటకు భద్రత రెట్టింపైనట్టే. ఇది నవ్వులాట అనుకుంటే 2020-21 లెక్కలు తిరగేయండి. కరోనా దెబ్బకు జీడీపీ కుంగింది, హారం చిక్కి శాతం పైకి లేచింది. గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులను పోగొట్టుకున్నది కూడా ఆ ఏడాదే. శాతాన్ని నమ్మినవాళ్లు దాన్ని మన రక్షణకు స్వర్ణయుగమని రాసుకోవాలి మరి.

పైగా చలామణిలో ఉన్న శాతం ఒక్కటి కాదు. పెన్షన్లు కలిపితే ఒకటి, తీసేస్తే ఇంకొకటి. 2018-19లో పెన్షన్లు తీసేసి లెక్కగట్టి, 1962 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదని గగ్గోలు పెట్టారు. గొప్ప చెప్పుకోవలసి వచ్చినప్పుడు పెన్షన్లు లెక్కలోకి వస్తాయి, ఏడవవలసి వచ్చినప్పుడు బయటికి పోతాయి. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు ఇచ్చింది 6.81 లక్షల కోట్లు. అందులో పెన్షన్లు 1.60 లక్షల కోట్లు, కొత్త ఆయుధాలూ నిర్మాణాలూ వగైరా మూలధన ఖర్చు 1.80 లక్షల కోట్లు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి మిలిటరీ మాధవరం అనిపించుకుంది. అలాంటి ఊళ్లో పెన్షన్‌ను దండగ అన్నవాడికి మంచినీళ్లు కూడా పుట్టవు, పుట్టకూడదు. అది చేసిన చాకిరీకి తీర్చవలసిన బాకీ. అయితే బాకీ తీర్చిన డబ్బును చూపించి ఈ ఏడు సరిహద్దు గట్టిపడిందనడం మాత్రం కుదరదు. ఆ భారం తగ్గించుకోవడానికే 2022లో అగ్నిపథ్ తెచ్చి నాలుగేళ్ల సిపాయిని కనిపెట్టారు. నూటికి 25 మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లు ఇంటికే. రేపు పెన్షన్ తగ్గితే శాతమూ తగ్గుతుంది. అప్పుడు ఇదే స్టూడియోలో మళ్లీ బల్ల గుద్దుతారు.

శాతాల పరీక్షే పెడితే చరిత్రలో మొదటి ర్యాంకు మన నేలకే రావాలి. 1753లో దక్కను సుబేదారు సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రి, శ్రీకాకుళం సర్కార్ల ఆదాయాన్ని ఫ్రెంచి సేనాని బుస్సీ దండు జీతాలకు రాసిచ్చాడు. ముస్తఫానగర్ అంటే కొండపల్లి. నూజివీడు జమీను నేల కూడా ఆ సర్కార్లలోదే. రెండు, మూడు, ఐదు అంటూ బేరం లేదు, నాలుగు సర్కార్ల శిస్తు ఒక్క దండుకే. హేగ్‌లో కూర్చున్న పెద్దలు చూసి ఉంటే సలాబత్ జంగ్‌కు శాలువా కప్పి ఉండేవారు. నాలుగేళ్లు తిరగకుండా, 1757 జనవరి 24న, ఆ దండే బొబ్బిలి కోట మీద విరుచుకుపడింది. తెలుగు రైతు కట్టిన శిస్తుతో కొన్న మందుగుండు తెలుగువాళ్ల కోట మీదే పేలింది. 1758లో బుస్సీని పైవాళ్లు దక్షిణాదికి పిలిపించుకున్నారు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టాడు. ఫ్రెంచివాళ్లను ఆదుకోవడానికి సైన్యంతో బయల్దేరి వచ్చిన సలాబత్ జంగ్ గాలి ఎటు వీస్తోందో చూసి, గెలిచినవాడితోనే సంధి చేసుకుని, మచిలీపట్నం ప్రాంతం అతనికే ఇచ్చి వెనుదిరిగాడు. చివరికి అంత ఖర్చు పెట్టిన మనిషి తమ్ముడి చేతిలో గద్దె పోగొట్టుకుని, 1763లో ఖైదీగా చనిపోయాడు.

ఆ తమ్ముడు నిజాం అలీ అన్నను చూసి నేర్చుకున్నది ఒక్కటే, దండును మార్చడం. 1766లో ఇంగ్లీషు కంపెనీ కొండపల్లి కోట పట్టి, ఆ ఏడాదే సర్కార్లను సంధి పత్రంలో రాయించుకుంది. 1798లో నిజాం ఆరు కంపెనీ పటాలాలను ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలకు కుదుర్చుకున్నాడు. రెండేళ్లకే పటాలాలు పెరిగాయి, జీతాలు పెరిగాయి, వాటి కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీ పాలయ్యాయి. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా ఆ సీమను జనం దత్త మండలాలనే పిలిచారు. 1853లో బీరారు పోయిందీ హైదరాబాదు కంటింజెంటు అనే దండు జీతాల బాకీ కిందే. రక్షణ ఖర్చు పెరిగిన ప్రతిసారీ రక్షించవలసిన నేల తగ్గింది. నేల తగ్గాక ఆదాయమూ తగ్గుతుంది కాబట్టి, శాతం ఇంకాస్త పెరిగిందని మురిసిపోవచ్చు.

అవన్నీ నవాబుల నాటి ముచ్చట్లు, ఇప్పుడు జెండా మనది, సిపాయి మనవాడు అంటారా? నిజం. ఆ పోలికను ఇంకా సాగదీయడం న్యాయం కాదు. కానీ పెట్టిన ఖర్చుకూ వచ్చిన బలానికీ మధ్య ఉన్న దూరం మాత్రం జెండా మారినంత తేలిగ్గా మారలేదు. తేలికపాటి యుద్ధవిమానం తయారుచేసుకోవాలని 1983లో అనుకున్నాం, అది 2001 జనవరిలో తొలిసారి ఎగిరింది. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్ 1ఎ విమానాలకు సుమారు 48 వేల కోట్లతో ఒప్పందం కుదిరింది. 2024లో మొదలు కావలసిన సరఫరా అమెరికా నుంచి ఇంజన్లు వేళకు రాక వెనకబడింది. అనుకున్న తేదీకి పూర్తయిన ప్రాజెక్టు తనకు ఒక్కటీ గుర్తు రావడం లేదని వాయుసేనాధిపతి ఎ.పి. సింగ్ 2025 మేలో పారిశ్రామికవేత్తల ముందే అనేశారు. ఆ సెప్టెంబరులో మిగ్-21లు సెలవు తీసుకోవడంతో, 42 స్క్వాడ్రన్లు ఉండవలసిన వాయుసేనలో 29 మిగిలాయి. ఇదంతా డబ్బు లేక జరిగిందా? 2024-25లో మూలధన ఖర్చుకు 1.72 లక్షల కోట్లు ఇచ్చి, సవరించిన అంచనాల్లో దాదాపు 12,500 కోట్లు కోసేశారు. పెట్టిన అన్నం తినలేక విస్తరి మడిచినవాడికి, వడ్డించింది చాలలేదని పక్కనుంచి శాతం సిపాయి పోట్లాడుతున్నాడు.

చైనా ఉంది కదా అంటారు. ఉంది, అందులో సందేహం లేదు. స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్కల్లో 2024లో చైనా ఖర్చు 314 బిలియన్ డాలర్లు, మనది 86 బిలియన్లు. మూడున్నర రెట్ల పైమాటే. శాతం సిపాయి ఇక్కడ ఆగి, పక్క గడి కూడా చదవాలి. ఆ లెక్కలోనే జీడీపీలో చైనా వాటా రెండు శాతం లోపు, మనది రెండు శాతం పైన. (సిప్రి లెక్కలో చేర్చేవి కాస్త వేరు కాబట్టి ఇది మూడో శాతం అన్నమాట.) శాతంలో చైనాను మనం ఓడించి కూర్చున్నాం, ఆ సంగతి చైనాకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అలాగని ఉన్న డబ్బు అన్నిటికీ చాలుతోందని కాదు. 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోవని 2017లో కాగ్ రాసింది. సైన్యం చేతిలోని సరంజామాలో 68 శాతం పాతకాలపుదని మరుసటి ఏడాది సైన్యం ఉపాధిపతే పార్లమెంటు సంఘానికి చెప్పారు. ఇవి నిజమైన కొరతలు. ఏ రకం, ఎన్ని రోజులకు, ఏ తేదీకల్లా అని పేరు పెట్టి అడగగల కొరతలు. మార్చి ముగిసినా మురిగిపోని ఆధునికీకరణ నిధి ఒకటి పెట్టమని, 2021-26 మధ్య దానికి 2.38 లక్షల కోట్లు కావాలని 15వ ఆర్థిక సంఘం సూచించింది. సూత్రప్రాయంగా ఒప్పుకున్నామన్నారు. సూత్రప్రాయం అన్న మాట మీద ఏళ్లు గడిచిపోయాయి. దాని కోసం బల్ల గుద్దినవాడు నాకు కనబడలేదు. ఇక రక్షణ ఖర్చంతా ఆపేసి బళ్లు కట్టాలనే పెద్దమనుషులు సరిగ్గా శాతం సిపాయీలకు కవల సోదరులు. వాళ్లకు పెద్ద శాతం ముద్దు, వీళ్లకు చిన్న శాతం ముద్దు, గోదాములో ఏముందో ఇద్దరికీ అక్కర్లేదు.

ఫోర్డ్ పట్టిన మచిలీపట్నంలోనే 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పెట్టారు. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఆ తర్వాత అక్కడ సైనికులు చీకట్లో చూడడానికి వాడే పరికరాలు తయారవుతూ వచ్చాయి. సరిహద్దులో రాత్రి కాపలా కాసే జవాన్లలో ఎంతమంది దగ్గర అలాంటి పరికరం ఉంది, మిగతావాళ్లకు ఎప్పుడు అందుతుంది, అందుకు ఎంతవుతుంది అని ఎవరైనా అడిగితే, కోట్లలో జవాబు చెప్పవచ్చు, తేదీతో చెప్పవచ్చు. ఆ కోట్లు జీడీపీలో ఎన్నో వంతో లెక్క కట్టే పని కావాలంటే స్టూడియోవాళ్లకే వదిలేద్దాం.