సారు ప్రశ్న

మా సోషల్ సారు పాఠం చెబుతుంటే పక్క గది పిల్లలు కూడా చెవులు రిక్కించేవాళ్లు. కరీంనగర్ వైపు నుంచి బదిలీ మీద బోథ్ మండలానికి వచ్చారు. గలగలా మాట్లాడతారు. పిల్లలంటే ప్రాణం. ఆయనకు కొరుకుడు పడనివాడు ఒక్కడే, ఏడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పోరడు.

"ఉలకడు, పలకడు. ఇసొంటి మొద్దును నేను యాడ చూడలె" అనేవారు స్టాఫ్‌రూంలో.

ఒకరోజు ఆ గది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. "కుంటాల జలపాతం ఏ నది మీద ఉన్నది?" అని సారు వాణ్ని లేపారు. పోరడు లేచాడు. తల కొంచెం వంచాడు. కనుబొమలు ముడిచి, పెదవి విప్పబోయాడు. "కడెం! పక్కపొంటి ఉన్నది గూడ తెల్వదా? కూసో" అంటూ సారు వెనక బెంచీకి వెళ్లిపోయారు.

వాడి నోటుబుక్కు చివరి పేజీ నాకు తెలుసు. కుంటాల బండల మీద నుంచి దూకే నీళ్లు, కింద కడెం ప్రాజెక్టు, ఆ కడెం వెళ్లి గోదావరిలో కలిసేచోటు, అంతా పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాడు. జవాబు రాని పిల్లవాడు కాడు. జవాబును ఒకసారి లోపల చూసుకుని బయటపెట్టే పిల్లవాడు.

అమెరికాలో సైన్సు పాఠాలు ఎలా చెబుతున్నారో ఏళ్ల తరబడి గమనించిన మేరీ బడ్ రో 1974లో ఈ సంగతే రాశారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. ఆ ఒక్కటీ 3 సెకన్లయితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎన్నడూ నోరు తెరవనివాళ్లూ మాట్లాడతారు. రెండంటే రెండు సెకన్లు! అవి దొరక్క మన బళ్లలో ఎందరు పిల్లలు మొద్దులన్న పేరు మోస్తున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

తల్లిదండ్రుల మీటింగుకు వాడి తండ్రి పత్తి చేను నుంచి నేరుగా వచ్చాడు. చొక్కాకి దూది అంటుకునే ఉంది.

"ఇంట్ల గూడ గిట్లనే నోరు తెరవడా?" అడిగారు సారు.

"లే సారూ. రాత్రి బువ్వ తినేటప్పుడు బడి ముచ్చట్లన్ని చెప్తడు. అండ్ల మీ ముచ్చట్లే ఎక్కువ."

సారు ముఖం విప్పారింది. "నా ముచ్చట్లా? ఏమంటడు?"

తండ్రి వెంటనే చెప్పలేదు. తల కొంచెం వంచి ఆలోచించాడు. సారు ఆగక తప్పలేదు.

"సవాలు సారే అడుగుతడు, జవాబు గూడ సారే చెప్పుకుంటడు. పాపం, సారుకు ఇంట్ల మాట్లాడెటోళ్లు ఎవ్వలు లేరా బాపూ, అని అడుగుతడు సారూ."