ఇంకోటి చూస్తరా, మేడమ్?

నిరుడు వానాకాలంలో ఒక రాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నావి కానట్టున్నాయి. చిటికెనవేలు మాత్రం బాగానే ఉంది. చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకుంది. మర్నాడు రాత్రీ అంతే. తెలుగు పుస్తకాలకు పేజీలు కట్టడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఇంట్లోనే, కంప్యూటరు ముందే, పద్దెనిమిదేళ్ళుగా. నాకు తిండి పెట్టేది ఆ కుడిచెయ్యే. వారం కూడా ఆగకుండా ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను.

ఏయే వేళ్ళో చెప్పగానే ఆవిడకు అర్థమైపోయింది. మణికట్టులో ఎముకల నడుమ సన్నటి సందు ఉంటుంది. వేళ్ళను ఆడించే తొమ్మిది టెండన్లు, వాటితో పాటు ఒక నరం ఆ సందులోంచే అరచేతిలోకి వెళ్తాయి. మణికట్టు గంటల తరబడి పైకి వంచి ఉంచితే అక్కడ ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. చిటికెనవేలికి వెళ్ళేది వేరే నరం, అందుకే దానికి ఏమీ కాలేదు.

"ఏ బల్ల మీద పని చేస్తారు?" అంది.

"డైనింగ్ టేబుల్ మీద."

ఆవిడ నన్ను కూర్చోబెట్టి, టైపు చేస్తున్నట్టు చేతులు పెట్టమంది. భుజాలు చెవుల వైపు లేచాయి. భోజనాల బల్ల అటూ ఇటూగా ముప్ఫై అంగుళాల ఎత్తుంటుంది. కంచంలో చెయ్యి పెట్టడానికి ఆ ఎత్తు సరిపోతుంది గాని కీబోర్డుకు ఎక్కువ. పైగా నాది ల్యాప్‌టాప్. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి చేతులకు వీలుగా పెట్టుకుంటే మెడ వంగుతుంది, మెడకు వీలుగా ఎత్తితే చేతులు లేస్తాయి. ఆవిడ మందుల చీటీ రాసినట్టే రాసిచ్చింది: విడిగా కీబోర్డు, మౌసు. తెర పైఅంచు కంటికి సమంగా, చెయ్యి చాచినంత దూరంలో. మోచేతులు ఒంటికి దగ్గరగా. పాదాలు పూర్తిగా నేల మీద. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలి. అన్నిటికన్నా ముందు, ఎత్తు మార్చుకోవడానికి వీలున్న కుర్చీ. "రెడీమేడ్ జాకెట్టు కొన్నట్టు కొనకండి, కొలతిచ్చి కొనుక్కోండి" అని కూడా చెప్పింది.

నేను హైదరాబాదులో ఒక పెద్ద ఫర్నిచర్ షోరూముకు వెళ్ళింది అందుకే. వారం మధ్య, మిట్టమధ్యాహ్నం. రెండో అంతస్తు అంతా కుర్చీలే. కొనేవాళ్ళలో నేనొక్కదాన్నే. యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె ఎదురొచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా చేతిలో చీటీ తీసుకుని చదివి, మొదట నా కాళ్ళకేసి చూసింది. ఆ చూపుతోనే ఆమె మీద నాకు గురి కుదిరింది. కుర్చీ అమ్మేవాళ్ళు మామూలుగా నడుము గురించి మొదలుపెడతారు. కూర్చోవడం పాదాల దగ్గర మొదలవుతుందని ఈ అమ్మాయికి తెలుసు.

"మేడమ్, మీ హైట్‌కు ఇది కిందికి దిగదు. కాళ్ళు గాల్ల ఉంటయి" అని మొదటి రెండూ పక్కకు నెట్టేసింది.

మూడోదాన్లో కూర్చోబెట్టి, పక్కనే నేల మీద గొంతుక్కూర్చుంది. సీటు అంచుకూ నా మోకాలి మడతకూ మధ్య వేళ్ళు పెట్టి చూసింది. "రెండు మూడు వేళ్ళు పట్టాలె మేడమ్. అంచు గుచ్చుకుంటే కాళ్ళకు రక్తం మంచిగ ఆడదు." కింద లివరు తిప్పింది. సీటు దిగింది. మళ్ళీ తిప్పింది. వీపు వెనక మెత్తను నడుము వంపు దగ్గరికి జరిపింది. చేతులు ఆన్చే దిమ్మలు పైకి లేపి, నా భుజాలకేసి చూసి, ఒక గీత దించింది. నాకు కూర్చున్నట్టే లేదు, ఎవరో మోస్తున్నట్టుంది.

వెనక జాలీ ఉన్న కుర్చీలు చూపించింది. ఆ జాలీ కథ నాకు ఇష్టం. అమెరికాలో బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ అనే ఇద్దరు డిజైనర్లు రోజంతా కుర్చీకే అంటుకుపోయే ముసలివాళ్ళ కోసం ఆలోచించారు. ఫోమ్ మీద ఒళ్ళు వేడెక్కుతుంది, ఒరుసుకుపోతుంది. ఫోమ్ తీసేసి జాలీ బిగిస్తే గాలి ఆడుతుందన్నారు. ఆ ఆలోచనే పెరిగి 1994లో ఏరాన్ అనే ఆఫీసు కుర్చీగా బయటికొచ్చింది. ఇవాళ మన ఊళ్ళలో అమ్మే జాలీ కుర్చీలన్నీ దాని తోవలో నడిచినవే. ఈ సంగతి చెప్తే ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా విని, జాలీ మీద చెయ్యి పెట్టి నొక్కింది.

అప్పుడు గమనించాను. ఏ కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళినా నన్ను కూర్చోమనే ముందు అరచేత్తో సీటు మధ్యలో గట్టిగా అదుముతుంది. కళ్ళు ఒక్క క్షణం మూసుకుంటుంది. తర్వాత "ఇది కొంచెం గట్టి", "ఇది నాలుగు నెల్లకే కుంగుతది" అంటుంది. ఆరు కుర్చీలు చూపించింది. నన్ను కూర్చోబెట్టిన ప్రతిసారీ నేల మీద గొంతుక్కూర్చుని, తొందర లేకుండా, లివరు పట్టుకుని అటూ ఇటూ సరిచేసింది. ఇంత ఓపికగా సరుకు చూపించేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అనుకున్నాను. పైకి కూడా అన్నాను. నవ్వి ఊరుకుంది.

ఆరోది నాకు కుదిరింది. కొలతిచ్చి కుట్టించినట్టే ఉంది. ఇక కొనేద్దామనుకుని, మాటవరసకు అడిగాను.

"ఇన్నిటిలో కూర్చుని చూసుంటావు కదమ్మా, నీకేది బాగా నచ్చింది?"

ఆమె నా వైపు చూడలేదు. పైకప్పు మూలకేసి చూసింది. అక్కడ కెమెరా ఉంది.

"మాకు కూసొనికి లేదు మేడమ్."

అర్థం కాలేదు. "ఇప్పుడు ఎవరూ లేరు కదా?"

"ఎవ్వరు లేకున్న నిలవడే ఉండాలె. పొద్దుగాల పదికి వస్త, రాత్రి తొమ్మిదింటికి పోత. తిన్నప్పుడు అరగంట. కెమెరాల కూసున్నట్టు కనవడితే పైసలు కోస్తరు."

"మరి ఏ కుర్చీ ఎలాంటిదో నీకెలా తెలిసింది?"

అరచెయ్యి చూపించింది. "దీంతోటే. మూడేండ్ల సంది."

నల్లచెప్పుల్లోంచి మడమ బయటికి తీసి పెట్టుకుని ఉంది. చెప్పు పట్టీ ఉన్నచోట కాలి వాపు మీద లోతుగా గాడి పడింది.

"కాళ్ళు నొయ్యవా?"

"నొస్తయి మేడమ్. లివర్ సరిజేస్తందుకు కిందికి వంగుతం కద, అప్పుడు జర అల్కగైతయి. గప్పుడు కూసున్నా ఏమనరు. పని జేస్తున్నమనుకుంటరు."

నేను ఆ కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేవడానికి కాళ్ళు రాలేదు. రెండేళ్ళ కిందట మహిళా కార్మికుల మీద ఒక వ్యాస సంకలనానికి పేజీలు కట్టాను. అందులో కోజికోడ్ సంగతి ఉంది. అక్కడి మిఠాయి తెరువులో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకు పొద్దస్తమానం కూర్చునే వీల్లేకపోతే, పి. విజి అనే దర్జీ వాళ్ళను కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడింది. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. ఆ పేజీల్లో అచ్చుతప్పులన్నీ నేనే దిద్దాను. ఒక మనిషిని కూర్చోనివ్వడానికి చట్టం కావలసి వచ్చిందన్న మాట ఎంత బరువైనదో ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు.

అంతస్తు నిండా కుర్చీలు. ఒక్కోటి పది వేలు, పాతిక వేలు. అన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఇదే తీసుకుంటాను. బిల్లు రాయించమ్మా" అంటూ లేవబోయాను.

ఆమె లేవలేదు. నేల మీద గొంతుక్కూర్చునే ఉంది. బిగించాల్సిందేమీ లేని లివరు మీద చెయ్యి అలాగే ఉంచి, తల ఎత్తి మెల్లగా అడిగింది.

"ఇంకోటి చూస్తరా, మేడమ్?"

ఆ మధ్యాహ్నం నేను ఇంకా నాలుగు కుర్చీలు చూశాను.