దీక్షారంభం, ఫైలు సమాప్తం

ఇంటర్ రెండేళ్లూ గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్న పిల్లాడికి ఉన్నట్టుండి స్వేచ్ఛ ఇస్తే ఏం చేస్తాడు? నేరుగా వాచ్‌మన్ దగ్గరికెళ్లి, "అన్నా, బయటికి పోవచ్చా?" అని అడుగుతాడు. ఈ ప్రమాదాన్ని ఏఐసీటీఈ 2017లోనే పసిగట్టింది. ఇంజనీరింగ్‌లో చేరినవాళ్లకు పాఠాలు మొదలెట్టే ముందు మూడు వారాల పరిచయ కార్యక్రమం జరపమంది. వ్యాయామం, పాటో బొమ్మో, మానవ విలువల మీద చర్చ, చుట్టుపక్కల ఊరు చూపించడం, ఇరవై మంది బాగోగులకు ఒక అధ్యాపకుడు. 2019లో యూజీసీ మిగతా డిగ్రీలకూ ఇలాంటిదే 'దీక్షారంభ్' పేరుతో తెచ్చింది. నిజంగా మంచి ఆలోచన. దాన్ని మన ప్రైవేటు కాలేజీలు ఊరికే వదిలిపెడతాయా?

ఆడిటోరియంలో కింద ఆరొందల మంది పిల్లలు, పైన పదకొండు కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, బొకేలు. ఛైర్మన్ గారు ఒకప్పుడు తాను సైకిలు తొక్కిన సంగతి గంటసేపు చెబుతారు. కరస్పాండెంట్ గారు ఛైర్మన్ గారి గురించి, ప్రిన్సిపాల్ గారు ఆ ఇద్దరి గురించి మాట్లాడతారు. పిల్లల ప్రస్తావన తెచ్చేది ప్లేస్‌మెంట్ అధికారి ఒక్కరే. అదీ నాలుగేళ్ల తర్వాతి పిల్లల ప్రస్తావన. రేపు మెస్‌లో టిఫిన్ ఎన్నింటికో, బాత్రూములో నీళ్లు ఎన్నింటికి ఆగిపోతాయో చెప్పే నాథుడుండడు. "సందేహాలుంటే మొహమాటపడకండి" అని మాత్రం అంటారు. ఇంగ్లిషులో. పదో తరగతి దాకా తెలుగులో చదివొచ్చిన అమ్మాయి ఆ మాట అర్థం కాక మొహమాటపడి కూర్చుంటుంది.

మానవ విలువలకు ఒక పూట. తల్లిదండ్రుల్ని ఎలా గౌరవించాలో లోపల స్లైడ్లు వేసి చూపిస్తుంటే, ఆ తల్లిదండ్రులు బయట హాస్టల్ ఫీజు కౌంటర్ ముందు ఎండలో నిలబడి ఉంటారు. వ్యాయామం కింద సర్టిఫికెట్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగడం సరిపోతుంది. ఇన్ని సాధించాక మూడు వారాలెందుకని, మూడు రోజుల్లో ముగిస్తారు. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో వచ్చినవాడికి ఆ మూడు రోజులూ దక్కవు. వాడికి ఎదురయ్యే తొలి పరిచయం మొదటి మిడ్ పరీక్షే. అయినా రిజిస్టరులో వాడి సంతకం ఉంటుంది. జియోట్యాగ్ ఫోటోలు కూడా ఉంటాయి, న్యాక్ బృందం వస్తే చూపించాలి కదా. తానెక్కడున్నాడో పిల్లాడికి తెలియకపోయినా ఫైలుకి తెలుసు, అక్షాంశ రేఖాంశాలతో సహా.

ర్యాగింగ్ దగ్గర మాత్రం వెటకారానికి చోటు లేదు. ఉమ్మడి రాష్ట్రం 1997లోనే దానిమీద చట్టం తెచ్చింది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థీ, తల్లిదండ్రులూ విడివిడిగా అఫిడవిట్ ఇవ్వాలి. ఇవ్వాల్సిందే. అయితే కాలేజీవారికి ఇందులో ఒక సులువు కనిపించింది: సీనియర్ నీడ కూడా జూనియర్ మీద పడకుండా బ్లాకులు వేరు చేస్తే చాలు, పని అయిపోయినట్టే. నిరుడు ఇదే అయోమయంలో కొట్టుమిట్టాడి గట్టెక్కినవాడే కదా, ఈ ఏడాది దారి చెప్పగలిగేది! పర్యవేక్షణలో వాళ్లిద్దరినీ కూర్చోబెట్టాలంటే ఎవరో ఒక సారు సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వెళ్లాలి. అంతకంటే గోడ చవక.

దాంతో ఆ బాధ్యత గేటు బయటి జిరాక్స్ అంకుల్ మీద పడింది. ఏ యూనిట్ ముఖ్యం, ఏ సారుకు రికార్డు నీట్‌గా ఉండాలి, ఏ మెస్‌లో పప్పు పప్పులా ఉంటుంది అన్నీ ఆయనకు తెలుసు. "డెబ్బై అయిదు శాతం హాజరు చూసుకో బాబూ. అరవై అయిదు పైన ఉంటే డాక్టర్ కాగితం, కండోనేషన్ ఫీజు. అంతకంటే తగ్గితే డీటెయిన్" అని జేఎన్‌టీయూ నిబంధనను ఆయన పేజీ తిప్పేలోపు చెప్పేస్తాడు. ఇరవై మందికి ఒకరన్న లెక్క ఆయనకు వర్తించదు, కాలేజీ మొత్తానికి ఒక్కడే. ఇటు కాలేజీ కేటాయించిన మెంటర్ సారు, పాపం, తన నాలుగు సబ్జెక్టులు, అడ్మిషన్ల టార్గెట్ అయ్యాక పిల్లాణ్ని నవంబరులో మొదటిసారి పిలిచి, "నువ్వెవరు?" అని అడుగుతారు.

అన్నట్టు, ఆఖరి రోజు అభిప్రాయ పత్రాలు పంచుతారు. 'ఈ కార్యక్రమం మీకెలా ఉపయోగపడింది?' అనే ప్రశ్నకు గళ్లు మూడే: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్. అంతకుముందు రోజే చేరిన కుర్రాడొకడు పెన్ను పట్టుకుని దిక్కులు చూశాడు.

"సార్, నేను నిన్ననే వచ్చాను. ఏది టిక్ పెట్టాలి?"

"ఎక్సలెంట్ పెట్టు. తొందరగా, నాలుగు పదికి బస్సు కదిలిపోద్ది."