ముక్కుకు తాడు లేని పడవ

బరువున్న వస్తువు తన బరువుతోనే కుదురుగా ఉంటుందని నమ్మాను. నా తెలివితక్కువతనమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో కయాక్ నడిపినప్పటి నుంచి సొంతానికి ఒకటి కావాలనిపించింది. మాది శ్రీరాంపూర్, గోదావరి పక్కనే. హైదరాబాద్‌లో పాతది ఒకటి దొరికింది. పది అడుగుల ప్లాస్టిక్ పడవ, పాతిక కిలోలుంటుంది. కారుకు క్యారియర్ లేదు. టాప్ మీద బొంత పరిచి, పడవ ఎక్కించి, తలుపులు తెరిచి నైలాన్ తాడు లోపలి నుంచి తిప్పి కట్టాను. గుంజి చూస్తే కదల్లేదు. ‘ముందూ వెనకా కూడా కట్టుకోండి సార్’ అన్నాడు అమ్మినాయన. పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలన్న తొందరలో వినిపించుకోలేదు.

రాజీవ్ రహదారి మీద సిద్దిపేట దాటాక వాన మొదలైంది. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. దాని వెంటే నీళ్లు కారి నా భుజం తడుస్తోంది. తుడుచుకున్నానే గానీ తాడు వదులైందేమోనన్న ఆలోచనే రాలేదు. కరీంనగర్ దాటాక రోడ్డు ఖాళీగా కనిపించి ఎనభైలో పోనిచ్చాను. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. ఆ గాలి ముక్కు కింద దూరితే పాతిక కిలోలు ఒక లెక్క కాదు.

పెద్దపల్లి దాటాక టాప్ మీద దడేల్‌మని చప్పుడైంది. పడవ ముక్కు పైకి లేచి ఊగుతోంది. వెనక అద్దంలో ఒక మోటార్‌సైకిల్, దాని మీద భార్యాభర్తలు, మధ్యలో పసివాడు. అప్పటిదాకా పడవకు గీతలు పడతాయేమోనని భయపడ్డాను గానీ, నా వెనక మనుషులు వస్తుంటారని తలచుకోలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మెల్లగా పక్కకు ఆపాను. బొగ్గు లారీ డ్రైవర్ ఒకాయన చూసి ఆగాడు. “ముక్కుకు తాడేది సారూ? గాలికి లేస్తది గదా! బొగ్గు మీద పట్టా కట్టినా నడుమ నడుమ దిగి సూస్తం మేం” అన్నాడు. తన తాళ్లు రెండిచ్చి, ముక్కును ముందు బంపర్ కింది కొక్కేనికీ, తోకను వెనక కొక్కేనికీ బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇప్పుడు కారుకు అడ్డకడ్డీల క్యారియర్ వేయించాను. పడవను బోర్లా పెట్టి, బకిల్ ఉన్న రెండు వెడల్పాటి పట్టీలతో కడతాను. మరీ బిగిస్తే ప్లాస్టిక్ సొట్టపోతుంది కాబట్టి కదలనంత వరకే లాగుతాను. ముందు తాడు, వెనక తాడు తప్పనిసరి. కొంచెం దూరం పోయి, దిగి అన్నీ మళ్లీ గుంజి చూస్తాను.

పడవే కానక్కర్లేదు. నిచ్చెనో, మంచమో, పరుపో కారు మీద ఎక్కించి ముందూ వెనకా కట్టకుండా ఎవరైనా బయల్దేరుతుంటే, దయచేసి ఆపి చెప్పండి. విసుక్కున్నా సరే, తాడు కట్టేదాకా కదలనివ్వకండి.