గేసు అయిపోనాది మాస్టారూ!

ఏప్రిల్ నెల వచ్చిందంటే చోడవరం టీకొట్లలో ఒక శాస్త్రీయ సిద్ధాంతం చక్కర్లు కొడుతుంది. ఓజోన్ పొరకు చిల్లు పడింది కాబట్టి ఎండలు ఇలా మండిపోతున్నాయని. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ సంగతి తేలకుండా మిగిలిపోయిన పూట, ఓటు రాజకీయాలు విసుగెత్తిన పూట, చర్చ నేరుగా స్ట్రాటోస్ఫియర్‌కు ఎగబాకుతుంది. చెప్పేవాడు గ్లాసు పైకెత్తి ఆకాశంలోకి చూపిస్తాడు. వినేవాళ్లు కూడా తలెత్తి చూస్తారు, చిల్లు అక్కడే కనబడుతున్నట్టు.

చిల్లు అక్కడ లేదు. అది అంటార్కిటికా మీద ఉంది. చోడవరానికి పదివేల కిలోమీటర్ల దూరం. ప్రతి ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుచుకుని నవంబరు, డిసెంబరు నాటికి మూసుకుపోతుంది. అంటే మనకు రోళ్లు పగిలే రోజుల్లో ఆ చిల్లు సెలవులో ఉంటుందన్నమాట. పోనీ నెత్తిమీదే ఉందనుకున్నా, దానిలోంచి దిగేది అతినీలలోహిత కిరణం. అది చర్మాన్ని కాల్చగలదు, కంట్లో శుక్లం తేగలదు, క్యాన్సర్ తెచ్చిపెట్టగలదు. థర్మామీటరును మాత్రం పెద్దగా కదిలించలేదు.

అయితే టీకొట్టు సిద్ధాంతాన్ని పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ఓజోన్‌ను తినేసిన క్లోరోఫ్లోరోకార్బన్లు, అంటే జనం నోట్లో ఫ్రియాన్ గ్యాసు, భూమిని వేడెక్కించడంలోనూ మహా ఘటికులు. ఒక్కో అణువు కార్బన్ డయాక్సైడ్ అణువు కంటే వేల రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని తమిళనాడులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ 1975లోనే లెక్కకట్టి చూపించారు. కాబట్టి టీకొట్టు వారు పట్టుకున్న ముద్దాయి సరైనవాడే. పెట్టిన సెక్షనే తప్పు.

ఈ ముద్దాయిని కన్నతండ్రి థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికన్. పెట్రోలులో సీసం కలపమన్నదీ ఆయనే. అది చాలదన్నట్టు 1928లో ఫ్రిజ్‌ల కోసం ఫ్రియాన్ కనిపెట్టాడు. ఎంత సురక్షితమో చూడండంటూ 1930లో పదిమంది ముందు దాన్ని గుండెల నిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నిజమే, ఆ గ్యాసు మండదు, విషం కాదు, దేనితోనూ గొడవపడదు. అంత సాధువు కాబట్టే కింద ఎక్కడా విరగకుండా పైదాకా పోయి, అక్కడ ఎండ ధాటికి క్లోరిన్‌ను వదిలేస్తుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా మింగగలదు. ఈ సంగతి 1974లో మోలినా, రోలండ్ చెబితే కంపెనీలు నవ్వాయి. 1995లో పాల్ క్రుట్జెన్‌తో కలిపి వాళ్లకు నోబెల్ ఇచ్చేనాటికి నవ్వేవాళ్లెవరూ మిగల్లేదు.

ఇంతకీ ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఎక్కడ? మన ఉష్ణమండలం మీదే, మన నెత్తిన కాసే ఎండతోనే. గోవాడలో ఆడిన పంచదార గోవాడలోనే ఉండిపోనట్టు, ఈ సరుకు కూడా పై గాలుల్లో ధ్రువాల వైపు తరలిపోతుంది. పోయే దారిలో ఫ్రియాన్‌నూ వెంటబెట్టుకుపోతుంది. 1987లో హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి అహ్మదాబాద్, జర్మనీ శాస్త్రవేత్తలు పెద్ద బెలూన్ ఎగరేసి, స్ట్రాటోస్ఫియర్ గాలిని సీసాల్లో పట్టి దించారు. అందులో ఫ్రియాన్లు ఉన్నాయి. అప్పటికి తెలుగునాట ఫ్రిజ్ ఉన్న ఇల్లంటే వీధిలో పేరున్న ఇల్లు. మన ఇంట్లోకి రాకముందే ఆ గ్యాసు మన ఆకాశంలోకి వచ్చి కూర్చుంది.

ఇక గోతుల విషయానికి వద్దాం. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు చోడవరం మీదుగానే పోతుంది కనుక ఈ ఊరివాళ్లకు గోతులపై ఉన్న పరిజ్ఞానం తక్కువేం కాదు. అంటార్కిటికా గొయ్యిని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ప్రకటించింది 1985 మేలో. మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1987 సెప్టెంబరు 16న. గట్టిగా 28 నెలలు. మధ్యలో పనికి అడ్డుపడేవాళ్లు లేకపోలేదు. ఒప్పందాలెందుకు, జనం టోపీలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే సరిపోదా అన్న ధోరణిలో అమెరికా మంత్రి డొనాల్డ్ హోడెల్ మాట్లాడారని 1987లో పత్రికలకెక్కింది. జనానికి టోపీ పెట్టడం మన నాయకులకే చేతనవుననుకుంటాం గానీ, ఆ విద్య అన్ని దేశాల్లోనూ ఉంది. కాకపోతే అక్కడ ఆ మాట మీద దేశమంతా నవ్వింది, ఫైలు కదిలింది. బీఎన్ రోడ్డు మీద గొయ్యి కనబడ్డ 28 నెలలకు సాధారణంగా ఇంకో గొయ్యి కనబడుతుంది.

ఇందులో భారతదేశం పాత్ర కూడా చెప్పుకోదగ్గదే, ముఖ్యంగా బేరంలో. ఆకాశాన్ని పాడుచేసింది మీరు, బిల్లు మాకెందుకని 1990 జూన్‌లో లండన్ సమావేశంలో పర్యావరణ మంత్రి మేనకా గాంధీ పట్టుబట్టారు. కొత్త టెక్నాలజీ ఇవ్వండి, అయ్యే ఖర్చు పెట్టండి, అప్పుడు సంతకం అన్నారు. చివరికి 16 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటైంది. భారత్, చైనా చేరితే 24 కోట్లు చేస్తామన్నారు. చేరకపోతే పైన ఆకాశం, చేరితే పైన ఎనిమిది కోట్లు. 1992లో మన దేశం చేరింది. ఒప్పందం నడిపించే ఓజోన్ సచివాలయానికి 1991 నుంచి 2000 దాకా సారథి కూడా మనవాడే. పర్యావరణ శాఖలో పనిచేసిన కె. మాధవశర్మ.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మాట నిలబెట్టుకున్నాం. ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్ల అవసరాలు మినహా ఫ్రియాన్ల ఉత్పత్తిని 2008 ఆగస్టు 1 నాటికే, గడువుకు 17 నెలల ముందే, ఆపేశాం. ప్రభుత్వ పని గడువుకు ముందే పూర్తయిన ఈ ఉదంతాన్ని ఏ పార్టీ ఫ్లెక్సీ మీదా వేసుకోకపోవడం విచిత్రం. ఎవరికీ తెలియదు కాబోలు. ఇప్పుడు 198 దేశాలూ సంఘాలూ ఈ ఒప్పందంలో ఉన్నాయి. మధ్యలో తూర్పు చైనాలో ఎవరో నిషిద్ధమైన సీఎఫ్‌సీ-11ను గుట్టుగా తయారుచేస్తే, కొరియా, జపాన్ దీవుల్లోని గాలి పరీక్షా కేంద్రాలు ఆనవాలు పట్టేశాయి. ఇదే వరుసలో పోతే అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి 2066 ప్రాంతంలో, మిగతా చోట్ల చాలావరకు 2040 నాటికే తిరిగొస్తుందని ఐక్యరాజ్య సమితి నిపుణుల 2022 అంచనా.

ఇంత ఘన చరిత్రా నడిచి నడిచి చివరకు చోడవరంలో ఒక డాబా మీద, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కన, ఒక ఇత్తడి వాల్వు దగ్గర వచ్చి ఆగుతుంది.

మెకానిక్ కుర్రాడు గేజి తగిలించి చూస్తాడు. ముల్లు పడిపోయి ఉంటుంది.

"గేసు అయిపోనాది మాస్టారూ. ఎక్కించీమంటారా?"

"పోయినేడే కదయ్యా ఎక్కించావు?"

"ఏడాదైపోనాది కదండీ మరి. మీ ఇంట్లో వాడకం కూడా ఎక్కువేనండి."

"లీకెక్కడుందో చూడకూడదా?"

"చూడొచ్చండి. నైట్రోజన్ కొట్టాలి, వేక్యూమ్ పెట్టాలి. పూట పడతాది. దానికి చార్జీ వేరేగుంటాది."

"ఇప్పుడవన్నీ ఎందుకులే. ఎక్కించెయ్యి. సాయంత్రానికి అల్లుడొస్తున్నాడు."

ఈ సంభాషణలో ఒక్క నిజం ఉంది, అల్లుడు రావడం. ఏసీలో గ్యాసు పెట్రోలు కాదు, వాడిన కొద్దీ ఖర్చవడానికి. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. గొట్టం బాగుంటే పదేళ్లయినా తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. చాలాసార్లు ఇండోర్ యూనిట్ వెనక ఫ్లేర్ నట్ దగ్గరే. సబ్బు నురగ రాస్తే బుడగలు చెబుతాయి. ఆ రూపాయి సబ్బుముక్క ఖర్చు మిగుల్చుకుని ఏడాదికోసారి ఆకాశానికి గ్యాసు నైవేద్యం పెట్టే ఇళ్లు ఎన్నో. పాపం కుర్రాణ్ణి అని లాభం లేదు. ఎండాకాలం ఆ రోజుకు అతను అలాంటి డాబాలు ఇంకో ఆరు ఎక్కాలి. పాత గ్యాసును పట్టి నిలవచేసే రికవరీ మిషన్ కొంటే ఆ డబ్బు ఏ మాస్టారు ఇస్తాడు? చార్జీలో వంద తగ్గించమని మెట్లు దిగేదాకా బేరమాడే మాస్టారా?

కారే గ్యాసు ఏదన్నది ఏసీ వయసును బట్టి ఉంటుంది. పాతదైతే ఆర్-22. దానిలో క్లోరిన్ ఉంది. పాత ఫ్రియాన్లంత కాకపోయినా ఓజోన్‌కు హాని చేస్తుంది. మన దేశం దీన్ని 2030 నాటికి వదిలించుకోవాలి, ఆ తర్వాత పాత యంత్రాల రిపేర్లకు పదేళ్లపాటు చిటికెడు మిగులుస్తారు. ఒక కిలో ఆర్-22 గాలిలోకి పోతే, వేడి లెక్కన, దాదాపు 750 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టే. కొత్త ఏసీలో అయితే ఆర్-32. ఓజోన్ జోలికి పోదు. అయినా కిలోకు 290 లీటర్ల పెట్రోలుతో సమానం. పెట్రోలు రేటు రూపాయి పెరిగితే బంకు దగ్గరే ధర్నా చేసే మనిషి డాబా మీద ఇంత తగలబెడుతున్నాడంటే నమ్మడు. పొగ రాదు కదా.

చట్టం లేదా అంటే ఉంది. ఓజోన్‌ను హరించే పదార్థాల నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. ఢిల్లీ నుంచి బయల్దేరిన ఆ నిబంధన 2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి మారిందని తెలియక ఇంకా పాత అడ్రసులో వెతుకుతోందేమో.

సెప్టెంబరు 16న మాత్రం అందరికీ ఓజోన్ గుర్తొస్తుంది. కొన్ని ఏళ్లు వినాయక నవరాత్రులు అటూ ఇటూగా అప్పుడే పడతాయి కనుక, స్వయంభూ విఘ్నేశ్వరుడున్న ఊళ్లో ఓజోన్ ఫ్లెక్సీకి కరెంటు స్తంభం దొరకడం కష్టం. దొరికితే ర్యాలీ. పిల్లలు ఎండలో నడుస్తారు. ముఖ్య అతిథి కారు మాత్రం ఇంజను ఆగకుండా, ఏసీ ఆరకుండా నీడలో ఉంటుంది, అయ్యగారు తిరిగొచ్చేసరికి సీటు వేడెక్కకూడదని. ఓజోన్ ఆవశ్యకతపై ఉపన్యాసం, జ్ఞాపిక, శాలువా.

పైగా ఇప్పుడు ఓజోన్‌కు పెద్ద బెడద ఫ్రిజ్‌లోంచి కాదు, పొలంలోంచి. చెరకుకూ వరికీ చల్లే యూరియాలో మొక్క తినగా మిగిలిన దానిలో కొంత నేలలోని సూక్ష్మజీవుల చేతిలో నైట్రస్ ఆక్సైడ్‌గా మారి పైకి పోతుంది. వందేళ్లకు పైగా అక్కడే కాపురం. ఈ శతాబ్దంలో మనుషులు వదిలేవాటిలో ఓజోన్‌ను ఎక్కువగా దెబ్బతీసేది ఇదేనని 2009లో ఎ.ఆర్. రవిశంకర బృందం చెప్పింది. మాంట్రియల్ ఒప్పందం జాబితాలో దీని పేరే లేదు. 2025 ఖరీఫ్‌లో 45 కిలోల బస్తా కోసం తెలుగు రైతులు తెల్లారుజామునే వరసకట్టారు. కొన్నిచోట్ల వరసలో మనుషులకు బదులు చెప్పులు పెట్టారు. ఎకరాకు ఎంత కావాలన్న లెక్క కంటే రేపు దొరుకుతుందో లేదో అన్న భయం పెద్దది కనుక, దొరికినంతా చల్లేస్తారు. ఆ క్యూలో నిలబడ్డ మనిషికి ఓజోన్ గురించి పాఠం చెప్పే ధైర్యం ఈ కాలమ్‌కు లేదు.

ఇక ఏసీల సంగతి ముందుకే గానీ వెనక్కి పోయేది కాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఎల్జీ 2025 మేలో పునాదిరాయి వేసింది. 2016లో కిగాలీలో కుదిరిన సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఆర్-32 వంటి వేడి గ్యాసుల వాడకం 2028లో పెరగడం ఆగాలి, 2032 నుంచి తగ్గాలి, 2047 నాటికి 85 శాతం పోవాలి. 2047 అంటే స్వర్ణాంధ్ర కూడా వచ్చేస్తుందన్న ఏడాదే. అన్నీ ఒకేసారి వస్తే పెట్టుకోవడానికి చోటు చూసుకోవాలి.

ఈలోగా మాస్టారి పాత ఏసీ పూర్తిగా మూలపడింది. కొత్త స్ప్లిట్ కొన్నారు, ఐదు చుక్కలది. పాతదాన్ని ఇనుప సామాన్ల వాడికి బేరం పెట్టారు. రాగి గొట్టానికి ఒక రేటు, కంప్రెసర్‌కు ఒక రేటు, అల్యూమినియం రెక్కలకు ఇంకో రేటు. వాడు కటింగ్ ప్లేయరు తీసి గొట్టం దగ్గరికి వంగేసరికి మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఓజోన్ రక్షణకు ఆ ఊళ్లో ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టిన సందర్భం బహుశా అదొక్కటే.

"ఆగు, ముందు తూకం వెయ్యి. గ్యాసు పోయాక తూస్తే కిలో తగ్గుతుంది."

"గేసుకి రేటు లేదండి."

"అయితే పావు కిలో తీసెయ్యి, ముప్పావు కిలోకి కట్టు."