కంట్రోలర్ గారి కల్వర్టు

‘ప్రజాభిప్రాయ సేకరణ’ అని ఎక్కడ ఫ్లెక్సీ కడితే అక్కడికి, ఆ ఫ్లెక్సీ కట్టే కుర్రాడి కంటే ముందు చేరే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకాయన ఉంటాడు. కొన్ని ఊళ్ళల్లో ఆయన రిటైరైన తాసీల్దారు. కొన్నిచోట్ల లెక్కల మాస్టారు. అపార్ట్‌మెంట్లు లేచిన చోట సంక్షేమ సంఘం మాజీ కార్యదర్శి. మా ఊళ్ళో మాత్రం ఆర్టీసీ బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైనాయన. ఆయనకో పేరుంది గానీ రేషన్ కార్డుకీ ఓటర్ల జాబితాకీ తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు. అందరికీ కంట్రోలర్ గారే.

ఇలాంటివాళ్ళు మైకు మీద మోజుతో వస్తారని లోకం అనుకుంటుంది. మా కంట్రోలర్ గారికి మైకు కొత్తేం కాదు. ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అంటూ ఏళ్ళ తరబడి ఊరి చెవిలో ఇల్లు కట్టుకున్న గొంతు అది. ఇప్పటికీ ఏ సభలోనైనా ఆయన మైకు అందుకుని గొంతు సవరించుకోగానే వెనక వరసల్లో ముసలివాళ్ళు తెలియకుండానే సంచులు దగ్గరికి లాక్కుంటారు.

ఆయన చంకలో ఎప్పుడూ ఒక రెక్సిన్ బ్యాగు ఉంటుంది. అందులో గొడుగు, భూతద్దం, రెండు పెన్నులు (ఒకటి అధికారికి అరువివ్వడానికి), మిగతాదంతా అర్జీల నకళ్ళు. ప్రతి నకలు మీదా ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, రౌండు సీలు. అర్జీ ఇచ్చి వట్టి చేతుల్తో తిరిగొచ్చేవాణ్ణి ఆయన టికెట్టు కొట్టించుకోని ప్రయాణికుడి కింద జమ కడతారు. “ఇచ్చానంటే చాలదయ్యా, పుచ్చుకున్నట్టు వాడి చేత రాయించుకోవాలి” అనేది ఆయన ఏకైక రాజకీయ సిద్ధాంతం.

ఆ నకళ్ళన్నీ చదివితే తేలేది ఒక్కటే విషయం. మా వీధి చివర పాత పంట బోదె మీద ఒక కల్వర్టు ఉంది. దాని అడుగున ఉన్నది ఒకే ఒక్క తూము. వానాకాలంలో నాలుగు చినుకులు గట్టిగా పడితే తూము మింగలేక కక్కేస్తుంది, నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి. 1997 జనవరిలో జన్మభూమి మొదలైనప్పుడు ఊరికొచ్చిన నోడల్ అధికారి మీకేం కావాలని అడిగితే కంట్రోలర్ గారు ఈ కల్వర్టు అన్నారు. రాసుకున్నారు. 1999లో విజన్–2020 పత్రం వచ్చింది. దానికీ ఒక కార్డు ముక్క రాసి పడేశారు. ఆ తర్వాత ఆయన ఇరవై ఏళ్ళు ఓపిక పట్టి, 2020 జనవరి ఒకటో తారీకున పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని వెళ్ళి చూసొచ్చారు. కల్వర్టు ఉన్నచోటే ఉంది. “సర్వీసు రాలేదు” అని చార్టులో రాసుకున్నట్టే డైరీలో రాసుకున్నారు. ఈ మధ్యలో కలెక్టర్లు మారారు, కమిషనర్లు మారారు, ప్రభుత్వాలు మారాయి. మారనిది ఆ తూమూ, ఈయనా.

మారినదింకొకటి ఉంది. అప్పటి పంచాయతీ ఇప్పుడు మున్సిపాలిటీ. ఊరంతా బాణాసంచా కాల్చిన రోజున కంట్రోలర్ గారొక్కరే మొహం వేలాడేసుకుని కూర్చున్నారు. కారణం అడిగితే రాజ్యాంగం విప్పారు. 73వ సవరణ పుణ్యమా అని 243–ఎ అధికరణం గ్రామానికి గ్రామసభ ఇచ్చింది. ఓటరన్నవాడెవడైనా లేచి సర్పంచిని లెక్క అడగొచ్చు. 74వ సవరణ పట్టణాలకు వార్డు కమిటీలన్నది గానీ, 243–ఎస్ ప్రకారం అవి తప్పనిసరి అయ్యేది మూడు లక్షలూ ఆపైన జనాభా ఉన్నచోటే. మా ఊరికి ఆ యోగం ఇంకా రెండు తరాల తర్వాత మాట. “అంటే ఏమన్నమాట? పన్ను పెరిగింది, సభ పోయింది. దీనికి టపాసులొకటి!” అన్నారాయన.

సభ లేని ఊళ్ళో ఉండలేక ఆయన ఒకసారి పొరుగూరి సభకు వెళ్ళారు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఇన్ని పెళ్ళిళ్ళు ఒకే ముహూర్తానికి పెట్టుకుని మనం ఒక్కదానికైనా వెళ్ళకపోతే ఎలా అని, ఆటో కట్టించుకుని పక్క పంచాయతీ షామియానా కింద ముందు వరసలో కూర్చున్నారు. ఉపాధి పనుల మీద రెండు ప్రశ్నలు కూడా వేశారట. పంచాయతీ కార్యదర్శి మర్యాదగా, “బాబాయిగారూ, మీ ఓటు ఏ వార్డులోనండీ?” అని అడిగేదాకా ఆ ఊరివాళ్ళకు ఈయన తమవాడు కాడని తట్టనే లేదు. అడిగిన రెండు ప్రశ్నలూ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కేశాయి.

ఇక అసలు ఘట్టానికొస్తాను. 2024 డిసెంబరు 13న స్వర్ణాంధ్ర–2047 పత్రం వెలువడింది. పది సూత్రాలు, 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ, 42,000 డాలర్ల తలసరి ఆదాయం. కంట్రోలర్ గారు పేపర్లో అది చదివి, అంచున పెన్నుతో లెక్క కట్టారు. తనకొచ్చే తలసరికి పక్కింటాయన తలసరి కూడా కలిపితే కల్వర్టు లేచిపోతుంది. ఒకటే చిక్కు, అప్పటికి తనకు 97 ఏళ్ళు వస్తాయి. పక్కింటాయన ఇప్పటికే పోయాడు.

రాష్ట్రానికి దార్శనికత సిద్ధమయ్యాక జిల్లాలకూ నియోజకవర్గాలకూ కూడా కావలసి వచ్చింది. అలా మా ఊరి కల్యాణమండపానికి కూడా ఒక సభ వచ్చింది. పది గంటల సభ పదకొండు నలభైకి మొదలైంది. కంట్రోలర్ గారు ‘వంద నిమిషాలు లేటు రన్నింగ్’ అని డైరీలో వేసుకున్నారు. గుమ్మంలోనే సంతకాల రిజిస్టరు. సంతకం ముందు, అభిప్రాయం తర్వాత. పొదుపు సంఘాల ఆడవాళ్ళను రమ్మని ముందురోజే ఫోన్లు వెళ్ళాయి. రాకపోతే లోను కాగితం కదలదేమోనన్న భయంతో చంటిపిల్లలతో సహా వచ్చి కూర్చున్నారు. సచివాలయం కుర్రాళ్ళు ఖాళీ కుర్చీలు ఫొటోలో పడకుండా జనాన్ని ఒక పక్కకు జరిపారు. ప్రొజెక్టరు లాప్‌టాప్‌ను గుర్తుపట్టనన్నది. మొత్తానికి కన్సల్టెన్సీ నుంచి వచ్చిన కుర్రాడు తెర మీద ఒక నిచ్చెన బొమ్మ వేశాడు.

1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికా ఆవిడ రాసిన వ్యాసంలోని నిచ్చెనట అది. ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్లు. అట్టడుగున తిమ్మిని బమ్మిని చేయడం. నడుమ తెలియజేయడం, సంప్రదించడం, అయిదో మెట్టున బుజ్జగించడం. చిట్టచివర, అంటే అన్నిటికంటే పైన, పెత్తనం పౌరుల చేతికే రావడం. కుర్రాడు మంచివాడు, చదువుకున్నవాడు, చక్కగానే చెప్పాడు.

“బాబూ, ఇంతకీ ఇప్పుడు మనం ఏ మెట్టు మీద ఉన్నాం?” అన్నారు కంట్రోలర్ గారు.

కుర్రాడు కమిషనర్ గారి వైపు చూశాడు. కమిషనర్ గారు వంటవాడి వైపు చూశారు. సమోసాలు వచ్చాయి. అయిదో మెట్టని నాకర్థమైంది.

తిన్న తర్వాత అందరికీ రంగు చీటీలు పంచారు. ఒక్కొక్కరూ 2047 నాటి ఊరి గురించి తమ కల ఒక్క ముక్కలో రాయాలి. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు మెట్రో రైలు రాశాడు. మా ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు సైకిల్ మీద పావుగంట. కిరాణా కొట్టాయన అంతర్జాతీయ విమానాశ్రయం రాశాడు. అతనెప్పుడూ టోకుగానే కొంటాడు. కంట్రోలర్ గారు ఆరు చీటీలు పక్కపక్కన అంటించి కల్వర్టు కథ రాశారు, తేదీలతో సహా.

కుర్రాడు తల గోక్కున్నాడు. “తాతగారూ, ఇది సమస్యండీ. మేం అడిగింది కల.”

“మంచం కింద నీళ్ళు లేకుండా తెల్లారడం మా వీధికి కలేనయ్యా.”

అక్కడితో ఆపితే ఆయన కంట్రోలర్ గారు ఎలా అవుతారు? మైకు అందుకుని 1997 నుంచి మొదలెట్టారు. వెనక నుంచి ఒక సంఘం లీడరమ్మ రెండుసార్లు చెయ్యెత్తింది. మున్సిపల్ పంపు తెల్లవారుజామున నాలుగింటికి వదులుతున్నారని, పట్టుకునేలోపే కట్టేస్తున్నారని చెప్పుకోవాలని ఆవిడ వచ్చింది. “ఆగమ్మా, ఒకదాని తర్వాత ఒకటి” అని ఈయన జన్మభూమి నుంచి విజన్–2020కి వచ్చేసరికి సభ సమయం అయిపోయింది. ఈ జాతి పెద్దమనుషుల్లో ఉన్న లోపమే ఇది. ప్రజలకు మాట్లాడే హక్కు కావాలని పోరాడతారు. అది వచ్చాక అందరి వంతూ తామే మాట్లాడేస్తారు.

కొన్నాళ్ళకు పత్రం అచ్చయింది. కంట్రోలర్ గారు భూతద్దం పెట్టి తన కల్వర్టు కోసం వెతికారు. ‘వాతావరణ మార్పులను తట్టుకునే సమగ్ర వరదనీటి నిర్వహణ’ అన్నచోట దొరికింది. సంబంధం కుదిరి అత్తారింటికి వెళ్ళిన పిల్లను చూడబోతే నగల మధ్య మొహం ఆనవాలు పట్టలేనట్టు కాసేపు అలాగే చూశారు.

అయితే ఈ మనిషిని చూసి నవ్వుకునేవాళ్ళు చెయ్యని పని ఒకటి ఆయన చేస్తారు. గోడకు అంటించినది చదువుతారు. మున్సిపల్ ఆఫీసు వసారాలో మాస్టర్ ప్లాన్ ముసాయిదా పటం వేలాడదీశారు, అభ్యంతరాలుంటే గడువులోగా ఇమ్మన్నారు. జనం దాని ముందు నుంచే జనన మరణ ధ్రువపత్రాలకు వెళ్తున్నారు, వస్తున్నారు. కంట్రోలర్ గారు స్టూలు వేసుకుని రెండు పూటలు కూర్చున్నారు. పసుపు నివాసాలు, నీలం వ్యాపారం, ఊదా పరిశ్రమలు, ఆకుపచ్చ పార్కులు. రెండో పూట మా వీధి దొరికింది. కల్వర్టు దగ్గరికి వేలు పోనిచ్చి ఆగిపోయారు. అక్కడ బోదె లేదు. దాని మొదలు నుంచి తుదిదాకా పసుపు పూసేశారు.

అంటే తూము ఒకటి చాలదన్న సమస్య శాశ్వతంగా తీరిపోయింది. అడుగున కాలువే లేనప్పుడు కల్వర్టుతో పనేముంది?

ఆయన నవ్వలేదు. రెవెన్యూ వాళ్ళ దగ్గర పాత గ్రామపటం నకలు సంపాదించారు. అందులో బోదె పోరంబోకు కింద నిక్షేపంలా ఉంది. అప్పుడు ఇంటింటికీ తిరగడం మొదలెట్టారు. ఆయన వస్తుంటే టీవీ సౌండు పెంచే ఇళ్ళు కూడా పసుపు రంగు సంగతి చెప్పేసరికి తలుపు తీశాయి. పటంలో రంగు మారితే ఏమవుతుందో చెప్పడానికి ఆయనకు కామారెడ్డి దొరికింది. అక్కడి ముసాయిదాలో తమ పొలాలు పరిశ్రమల జోన్లో పడ్డాయని 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కారు. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా రద్దు చేయాలని తీర్మానించింది. “వాళ్ళు గడువులోపు కళ్ళు తెరిచారు కాబట్టి బతికారు” అని ప్రతి గుమ్మంలోనూ అదే ప్రకటన, బస్టాండు గొంతుతోనే.

పంపు గురించి చెయ్యెత్తిన లీడరమ్మ ఇంటి దగ్గర మాత్రం బండి ఆగింది.

“సంతకాలు మా సంఘం అంతా పెడతాం బాబాయిగారూ. ముందు మా పంపు టైము రాయండి. దాని కింద మీ బోదె రాయండి.”

“అమ్మా, అది మాస్టర్ ప్లాన్ కాగితం. ఇందులో పంపు రాయకూడదు.”

“కల కాగితంలో మీరు కల్వర్టు రాయలేదా ఏంటి?”

కంట్రోలర్ గారు జీవితంలో మొదటిసారి రెండో ప్లాట్‌ఫారానికి దారి వదిలారు. పంపుకొక కాగితం, బోదెకొక కాగితం, రెండింటికీ వేర్వేరు ఇన్‌వర్డ్ నంబర్లు. విచారణ రోజున ఆఫీసు వసారా నిండా పొదుపు సంఘాలవాళ్ళే, ఈసారి ఎవరూ ఫోను చెయ్యకుండానే వచ్చారు. మైకు లీడరమ్మ అందుకుంది. మూడు ముక్కల్లో చెప్పింది. వాన వస్తే నీళ్ళు ఎవరింట్లో ఏ మెట్టుదాకా వస్తాయో గోడల మీది మరకల గుర్తులతో సహా చెప్పేసరికి ప్లానింగు అధికారి పెన్సిలు తీశాడు. పాతిక సంవత్సరాల ప్రణాళికకు కావలసిన లెక్క ఆ మరకల్లోనే ఉందని అధికారికీ తెలుసు. అడిగినవాళ్ళే ఇన్నాళ్ళూ లేరు. నాలుగేళ్ళకోసారి బదిలీ అయ్యేవాళ్ళు 2047 గురించి మాట్లాడటం సులువే. ఆ ఏటి వానకు చీపురు పుచ్చుకుని నీళ్ళు తోయబోయేది ఇక్కడున్నవాళ్ళూ వాళ్ళ పిల్లలూ.

సవరించిన పటంలో బోదె వచ్చింది, సన్నటి నీలి గీతగా. పంపు అయిదున్నరకు మారింది. కల్వర్టుకు మాత్రం అంచనాలు తయారవుతున్నాయి. గీతైతే వచ్చింది గానీ దాని పక్కన వెడల్పు ఎన్ని మీటర్లో రాయలేదని కంట్రోలర్ గారు మర్నాడే ఇంకో అర్జీ పెట్టారు.

ఇక ఈయనతో వేగలేక కమిషనర్ గారు ఒక ఉపాయం పన్నారు. పట్టణ దార్శనికత సలహా కమిటీ అని ఒకటి వేసి కంట్రోలర్ గారిని అందులో సభ్యుణ్ణి చేశారు. వేదిక మీద కుర్చీ, ముందు పేరు పలక, మెడలో శాలువా. అయిదో మెట్టు మీదే, కాకపోతే మెత్తటి కుర్చీలో. తొలి సమావేశంలో గంటసేపు ఆయన నోరు మెదపలేదు. పైనుంచి కిందికి జవాబులు చెప్పడమే గానీ ప్రశ్నలు వెయ్యడం కుదరదని అప్పుడు తెలిసొచ్చింది. లేచారు, శాలువా మడిచి కుర్చీలో పెట్టారు, మెట్లు దిగి జనంలోకి వచ్చి లీడరమ్మ తర్వాత వరసలో నిలబడి తన వంతు రాగానే మైకు అందుకున్నారు. వేదిక మీద ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపే వేలు చూపించి, “కల్వర్టు విషయంలో ఈ కమిటీ సభ్యుడు ఇంతవరకూ ఏం చేశాడో సభకు చెప్పాలి” అని అడిగారు.

తీర్మానాల పుస్తకం రాసే గుమాస్తా కాసేపు కలం ఆపి, చివరికి ఉన్నదున్నట్టు రాశాడు. ప్రశ్న వేసినవారు కంట్రోలర్ గారు, జవాబు చెప్పవలసినవారు కంట్రోలర్ గారు. సభ ముగిశాక ఆయన గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ పేజీ నకలు ఒకటి అడిగారు, సీలు వేసి.