చాకుదాన ఘట్టం: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఇగో బిడ్డా, గీ చాకు ఇగ నీ తాన్నే ఉండనీ. నేనడిగితె ఇయ్యి.”

అవతారిక

దసరా పొద్దున ఇంట్లోని ఇనుమంతా కడిగి, నాగలి కర్రు మొదలు కత్తిపీట దాకా అన్నిటికీ బొట్లు పెట్టడం అయ్యాక, ఒక తాత తన బనీను జేబులోంచి మడత చాకు తీసి, తుడిచి, అరుగు మీద పెట్టి పలికిన వాక్యాలివి. అంతకు ముందు ఆయన ఏమీ మాట్లాడలేదు. తరువాత చాయ అడిగాడే గాని ఈ సంగతి మళ్లీ ఎత్తలేదు. మూలం ఇంత పొట్టిది కావడం వల్లనే వ్యాఖ్యానం ఇంత పొడుగైంది.

ఈ మూలానికి ముగ్గురు వ్యాఖ్యాతలు. ఘట్టం ఎక్కడ జరిగిందంటే జనగామ వ్యాఖ్యాత తమ దిక్కన్నాడు, మానుకోట వ్యాఖ్యాత తమ దిక్కన్నాడు, భూపాలపల్లి వ్యాఖ్యాత అడగకముందే తమ దిక్కన్నాడు. తాత వయసులో ఉన్నప్పుడు మూడూ వరంగల్లు జిల్లాలోనివే కనుక తగాదా లేదు. 2016 అక్టోబర్ 11న, అదీ దసరా నాడే, మూడూ మూడు జిల్లాలయ్యాయి. వ్యాఖ్యానాలూ అప్పుడే వేరుపడ్డాయి. సర్కారు కాగితాల్లో మహబూబాబాద్ అని ఎంత రాసినా రెండో ఆయన సంతకం మాత్రం మానుకోట అనే పెడతాడు.

మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి, కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ మూలాన్ని దాటనని ప్రతిన పట్టాడు. ఈ ముగ్గురూ అలాంటి ప్రతినలేవీ పట్టలేదని పాఠకులు ముందే గ్రహించాలి.

ప్రతిపదార్థం

ఇగో = ఇటు చూడుము; బిడ్డా = ఓ సంతానమా; గీ చాకు = ఎదుటనున్న ఈ మడత కత్తి; ఇగ = ఇకమీదట; నీ తాన్నే = నీ వద్దనే; ఉండనీ = ఉండనిమ్ము; నేనడిగితె = నేను అడిగిన పక్షమున; ఇయ్యి = ఇమ్ము.

‘బిడ్డా’ అన్న పిలుపు మా దిక్కు మగపిల్లవాడికీ చెల్లుతుంది, ఆడపిల్లకూ చెల్లుతుంది, బస్సులో చిల్లర ఇవ్వాల్సిన కండక్టరుకూ చెల్లుతుంది. ఆ చిక్కు తరువాత వస్తుంది.

‘గీ చాకు’ మీద వ్యాఖ్య

మూస్తే పిడికిట్లో మాయమయ్యే వస్తువు. పిడి చెక్కది, ఏళ్ల చెమట తాగి నల్లబడింది. రెండు మేకులు ఇత్తడివి, మూడోది ఊడిపోతే కమ్మరి దగ్గర కొట్టించిన ఇనప మేకు. అలుగు నడుమ భాగం అరిగి లోపలికి వంగింది. బండ మీద నూరేటప్పుడు చెయ్యి ఎప్పుడూ అక్కడే బరువు మోపుతుంది. పిడి మొదట్లో మాత్రం పాత వెడల్పు ఇంకా మిగిలి ఉంది కనుక, కొన్నప్పుడు ఈ చాకు ఎంత ఉండేదో లెక్క కట్టవచ్చు. మామిడికాయ పులుపు తగిలిన చోటల్లా నల్లమచ్చలు. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కాదనడానికి అవే ప్రమాణం. అలుగు వీపున గోరు పెట్టి లాగడానికి ఒక గాడి ఉంది, దాని అంచు అరిగి నున్నబడింది. అలవాటు లేనివాళ్ల గోరు జారిపోతుంది. లోపలి స్ప్రింగు మాత్రం గట్టిది. పల్లినూనె చుక్క వేస్తే చాలు, తెరిచినా మూసినా టక్కుమంటుంది.

ఇలాంటి వస్తువు జన్మస్థానం మీద వివాదం రాకపోతేనే వింత. ఇత్తడి మేకులు చూసి జనగామ వ్యాఖ్యాత, ఇది పెంబర్తి పనేనన్నాడు. గుడి ధ్వజస్తంభాలకు తొడుగులు చేసే చేతులు చాకు పిడికి రెండు మేకులు కొట్టలేవా అని ఆయన ప్రశ్న. మానుకోట వ్యాఖ్యాత అలుగును పట్టుకున్నాడు: ఇనుము బయ్యారం గుట్టది. 2014 విభజన చట్టం అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ పెట్టవచ్చునేమో చూడమంది. ఫ్యాక్టరీ రాకపోతే పాయె, కనీసం ఒక చాకైనా మా ఇనుముతో వచ్చిందని రాసుకోనివ్వరా అని ఆయన బాధ. ఇది తర్కం కాకపోయినా కాదనడానికి మనసొప్పదు. సింగరేణి బొగ్గు లేనిదే కొలిమి ఎర్రబడదని భూపాలపల్లి వ్యాఖ్యాత అన్నాడు గాని, పల్లెటూరి కమ్మరి వాడేది కట్టెబొగ్గని మిగతా ఇద్దరూ కలిసి కొట్టేశారు. వాళ్లిద్దరూ కలిసిన సందర్భం ఇదొక్కటే.

ఏ జాతరలో కొన్నాడన్న వివాదం త్వరగా తేలింది. జనగామ వారు కొమురవెల్లి అన్నారు, భూపాలపల్లి వారు మేడారం అన్నారు, మానుకోట వారు కురవి వీరభద్రస్వామి జాతర అన్నారు. కొమురవెల్లి 2016లో సిద్దిపేట జిల్లాలోకి పోయింది. మేడారం 2019లో ములుగు జిల్లాలోకి పోయింది. మిగిలింది కురవి. చరిత్ర ఇలా కలెక్టరాఫీసు గీతల మీద తేలడం బాగాలేదని మిగతా ఇద్దరూ గొణిగారు.

దాన విచారం

ఇప్పుడు అసలు చిక్కు. ఇది దానమేనా?

పూర్వపక్షం: దానమంటే ఇచ్చినవాడి హక్కు నశించి, పుచ్చుకున్నవాడికి హక్కు పుట్టాలి. ‘నేనడిగితె ఇయ్యి’ అన్న తరువాత హక్కు నశించిందెక్కడ? పైగా ఇనుము శని లోహం. ఇనుమూ నువ్వులూ నూనే దానం పట్టినవాడికి ఇచ్చినవాడి గ్రహబాధ అంటుకుంటుందని లోకం భయపడుతుంది. మనవల మీదికి శనిని తోలే తాత ఉంటాడా? కనుక ఇది దానం కాదు.

పోనీ, నిక్షేపమా? దాచమని ఇచ్చిన సొమ్మును దాచినవాడు వాడుకుంటే తప్పని స్మృతులంటాయి. మితాక్షరను 13వ శతాబ్దంలో తెలుగులో పెట్టిన కేతన ఇక్కడుంటే చాకును చూసి తల పట్టుకునేవాడు. వాడకుండా దాస్తే తుప్పు పట్టే సొమ్మిది, వాడితేనే భద్రం. అప్పా? అప్పుకు గడువుంటుంది. తాత గడువు చెప్పలేదు, వడ్డీ అసలే చెప్పలేదు.

ఇక్కడ భూపాలపల్లి వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, ఇది వారసత్వ ఉద్యోగం అన్నాడు. సింగరేణిలో తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే పిల్లలకు ఆ నౌకరీ వస్తుంది. అలాగే తాతకు చూపు మందగించింది, చాకు కిందితరానికి దిగింది. పోలిక ముచ్చటగా ఉంది గాని నిలవదు. అన్‌ఫిట్ అయిన కార్మికుడు మళ్లీ గనికి వచ్చి, ఒక షిఫ్టు నేను చేసి పోతా అనడు. తాత మాత్రం అడుగుతానని ముందే చెప్పి పెట్టాడు.

సిద్ధాంతం: హక్కు మారింది మొదటి వాక్యంలో కాదు, రెండో వాక్యంలో. సొంతదారు ఎప్పుడైనా అడుగుతాడా? జేబులో చెయ్యి పెట్టి తీసుకుంటాడు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో చాకు కావలసినవాళ్లు తాతను అడిగారు. తాత ఎవరినీ అడగలేదు. ‘నేనడిగితె’ అన్న క్షణాన ఆయన అడిగేవాళ్ల వరసలోకి వచ్చి నిలబడ్డాడు. షరతులా వినిపించిన మాట నిజానికి రాజీనామా. దానానికి ఇంతకన్నా గట్టి పత్రం రిజిస్ట్రారాఫీసులో కూడా దొరకదు.

శని సంగతి: నీళ్లు వదలలేదు, మంత్రం లేదు, దక్షిణ లేదు. శనికి సమాచారం అందే మార్గమే లేదు.

పాత్రతా నిర్ణయం

ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన సీమ ఇది. బమ్మెర పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వలేదన్న కథ పాలకుర్తి చుట్టుపక్కల బడికి పోని పిల్లలకు కూడా వచ్చు. కాని కాదనడానికి ధైర్యం చాలు. ఇంట్లో నలుగురు పిల్లలుండగా ఒకరికి అవుననడానికి ఏళ్ల తరబడి కనిపెట్టి చూడాలి.

చాకు పుచ్చుకోదగినవారి లక్షణమేమి? ‘పెద్ద మనవడు’ అని ఒక లక్షణం. ఇది అతివ్యాప్తి: పెద్ద మనవడు చాకుతో పెయింటు డబ్బా మూత లేపాడు, మొన విరిగింది, చెప్పకుండా మూసి ఇచ్చాడు. మర్నాడు జామకాయ కోస్తుంటే తాత బొటనవేలికి తెలిసింది. ‘చాకంటే ఇష్టమున్నవాడు’ అని ఇంకో లక్షణం. ఇదీ అతివ్యాప్తే: చిన్నవాడికి ఎంత ఇష్టమంటే వేపచెట్టు మీద తన పేరు చెక్కడం మొదలుపెట్టి, రెండో అక్షరం దగ్గర వేలు తెగి, చాకును అక్కడే పారేసి వచ్చాడు. ‘పదునెక్కించడం వచ్చినవాడు’ అంటే అసంభవం. నూరడం ఎవరికీ పుట్టుకతో రాదు, చాకు చేతికొచ్చాకే వస్తుంది.

సిద్ధాంత లక్షణం: ఎరువు తీసుకున్నదాన్ని ఎలా తిరిగి ఇచ్చారన్నదే. దీనికి ముగ్గురూ తలా ఒక ఉదాహరణ తెచ్చారు. ఎండాకాలం ముంజలు తిన్నాక, ఆ కాయలకు పుల్ల గుచ్చి తమ్ముడికి బండి చేసి, చాకు మూసి తీసుకున్న గూట్లోనే పెట్టిన వైనం జనగామ వ్యాఖ్యాత రాశాడు. తునికాకు కాలంలో యాభై ఆకుల కట్టలకు నార కోసి, కల్లంలో మరిచిపోకుండా కొంగున ముడేసుకుని తెచ్చిన వైనం భూపాలపల్లి వ్యాఖ్యాత రాశాడు. మానుకోట వ్యాఖ్యాతది అన్నిటికంటే ఘాటైన ఉదాహరణ: మిర్చి బస్తాల సుతిలి కోసిన తరువాత అలుగును సబ్బుతో కడిగి, గాడిలోనూ మడతలోనూ గుడ్డకొసతో తుడిచి, ఆరబెట్టి ఇవ్వడం. తేజ మిర్చి తగిలిన చాకుతో జామకాయ కోసుకు తిన్నవాడికి తప్ప ఇందులోని ధర్మసూక్ష్మం తెలియదు. ఎవరూ కడగమని చెప్పలేదు.

నాలుగోది మూడు వ్యాఖ్యానాల్లోనూ ఉంది. మేక కాలిలో తుమ్మముల్లు తీస్తుంటే చాకు జారి బండకు తగిలింది. ఇంటికి రాగానే, తాత తెరిచి చూడకముందే, “తాతా, మొద్దువోయింది, బండకు తలిగింది” అన్న మాట వచ్చింది. తాత అప్పుడు ఏమీ అనలేదు. పెయింటు డబ్బా సంగతి మనసులో మెదిలి ఉంటుందని జనగామ వ్యాఖ్యాత ఊహ, ఒప్పుకోవచ్చు.

లింగ వివాదం

‘కొంగున ముడేసుకుని’ అన్నది చదివాక కూడా ముగ్గురు వ్యాఖ్యాతలూ పుచ్చుకున్నది మనవడేనని రాసుకుంటూ పోయారు. కొంగంటే తువ్వాలు కొంగని భూపాలపల్లి ఆయన సర్దుకున్నాడు. అలుగు మీద గునుగు కాడల పసరు ఉందనీ, రెండు రోజుల కిందటే సద్దుల బతుకమ్మ అయిందనీ ఎవరో గుర్తుచేస్తే, పువ్వు కోసుకొచ్చేది మగపిల్లలేనని మానుకోట ఆయన అన్నాడు. అది కూడా నిజమే.

తేల్చింది మూలం కాదు, మూలం పక్కన వినిపించిన ఒక మాట. లోపలి నుంచి కోడలు, “ఆడపిల్లకు చాకెందుకు మామా?” అంది. తాత చాయ అడిగింది అప్పుడే. అడిగినదానికి జవాబు చెప్పలేక మాట మార్చాడని తొందరపడకూడదు. చాయలోకి అల్లం కావాలి, అల్లం చెక్కడానికి చాకు కావాలి, చాకు ఇప్పుడు ఎవరి దగ్గరుందో కోడలికి తెలుసు.

ఈ చోట జనగామ వ్యాఖ్యాత రాణి రుద్రమదేవిని తీసుకొచ్చి రెండు పుటలు రాశాడు. అల్లం చెక్కే వస్తువుకు కాకతీయ సింహాసనం బరువెక్కువని ఆ పుటలు తీసేశాం.

ఆచార ప్రకరణం

చాకును చేతికివ్వక అరుగు మీద ఎందుకు పెట్టాడు? ఉప్పూ కత్తీ చేతికి చేయి ఇస్తే తగాదా వస్తుందని మన ఇళ్లలో నమ్మిక. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. ఇంగ్లండులో ఇదే భయానికి వేరే మందు: కత్తి బహుమానంగా పుచ్చుకున్నవాళ్లు ఒక చిల్లర నాణెం తిరిగి ఇస్తారు, స్నేహం తెగకుండా కొన్నట్టు లెక్క. మన పిల్ల నాణెం ఇవ్వలేదు. సాయంత్రం జమ్మి తెచ్చి తాత చేతిలో పెట్టి కాళ్లు మొక్కింది. జమ్మి ఆకును ఆ పూట బంగారమంటారు కనుక, చాకు వెల ముట్టింది, ఎక్కువే ముట్టింది.

రాజశాసనం: 1959 ఆయుధాల చట్టం కింది నియమాలు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాల్లో చేర్చి, ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని మినహాయించాయి. మన చాకు మూడు అంగుళాలు, అరిగాక ఇంకా తక్కువ. విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరు గాని, పిల్ల ఇంకా కేసముద్రం దాటలేదు.

తాత్పర్యం

ఓ మనవరాలా, ఈ చాకు ఇకమీదట నీ దగ్గర ఉండుగాక, నాకు అవసరమైనప్పుడు అడిగి తీసుకుంటాను అని భావం. అలంకారం స్వభావోక్తి. విరోధాభాసమని పట్టుబట్టిన మానుకోట వ్యాఖ్యాతను మెజారిటీతో ఓడించాం.

పరిశిష్టం

మర్నాడు పొద్దున తాత వేపపుల్ల కోసుకుందామని బనీను జేబులో చెయ్యి పెట్టాడు, లేదని గుర్తొచ్చి మనవరాలిని అడిగాడు. ఆమె చాకును అరుగు మీద పెట్టి ఒక మాట అంది. దాన్ని మూలంలో మూడో వాక్యంగా చేర్చాలని వ్యాఖ్యాతలు ముగ్గురూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు:

“తుడిచియ్యి తాతా.”

దీనికి టీక అక్కర్లేదని జనగామ వ్యాఖ్యాత అన్నాడు. మిగతా ఇద్దరూ అప్పటికే మొదలుపెట్టారు.